జెండా పాట ధర, మన బస్తా ధర

ఫిబ్రవరి, మార్చి నెలల్లో తెల్లవారేసరికి ఖమ్మం మిర్చి యార్డు ఎర్రగా నిండిపోతుంది. రాత్రంతా ట్రాక్టర్లలో, డీసీఎంలలో దిగిన బస్తాలు వరుసలు కట్టి ఉంటాయి. ముక్కుకు తువ్వాలు చుట్టుకోని కొత్తవాడు తుమ్మకుండా పది అడుగులు వేయలేడు. కాసేపటికి అధికారులు, కమీషన్ వ్యాపారులు, ఖరీదుదారులు ఒకచోట చేరతారు. ఆనాటి సరుకులో మేలైన రాశి ఒకటి చూసి జెండా పాట మొదలుపెడతారు. పాట ఎక్కడ ఆగితే అదే ఆ రోజు జెండా ధర. అరగంటలో అది ఫోన్లలో ఊరూరికీ చేరుతుంది, మర్నాడు పేపర్లో పడుతుంది.

రైతు అసలు లెక్క మాత్రం ఆ తర్వాతే. ఖరీదుదారు బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ పైకి తీస్తాడు. రంగు చూస్తాడు, విరిచి తేమ చూస్తాడు, తాలు ఎంతుందో చూస్తాడు. ఆ తర్వాత ఒక అంకె చెబుతాడు. జెండా ధర అబద్ధం కాదు. ఫలానా రాశికి ఫలానా పొద్దున నిజంగా పలికిన ధర అది. పక్క వరుసలోని బస్తాకు ఎంత పలుకుతుందన్నది వేరే ప్రశ్న.

కంప్యూటర్ ప్రాసెసర్ల అంగడిలోనూ ఇలాంటి పాట ఒకటి నడుస్తోంది. దాన్ని బెంచ్‌మార్క్ అంటారు.

రాతి మీద గీత

ఆ మాటను కంప్యూటర్లవాళ్లు సర్వేయర్ల దగ్గర అప్పు తెచ్చుకున్నారు. ఎత్తు ఖాయంగా తెలిసిన చోట సర్వేయరు రాతిలో అడ్డగీత చెక్కేవాడు. మళ్లీ కొలిచే రోజున ఆ గీతలో ఇనుప పీట దూర్చి, దాని మీద కొలబద్ద నిలబెట్టేవారు. ఆ పీటే బెంచ్, ఆ గీతే మార్క్. రైల్వే స్టేషన్ల పసుపు బోర్డుల మీద ఊరి పేరు కింద సముద్రమట్టానికి ఇన్ని మీటర్ల ఎత్తు అని కనిపించే అంకె కూడా ఆ సంప్రదాయానిదే.

భద్రాచలం వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ గోదావరి 43 అడుగులు తాకితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులు ఎక్కింది, 2022 జూలైలో 71.3 అడుగులు. మధ్యలో ముప్ఫై ఆరేళ్లు గడిచినా ఏ వరద పెద్దదో ఒక్క మాటలో చెప్పగలుగుతున్నారంటే, రెండింటినీ ఒకే లెక్కన కొలిచారు గనక. నీళ్లకు అడుగులున్నాయి, మిర్చికి క్వింటాళ్లున్నాయి. ప్రాసెసర్ వేగాన్ని దేంతో కొలవాలి?

చాలామందికి వెంటనే తట్టే జవాబు గిగాహెర్ట్జ్. ప్రాసెసర్ లోపల ఒక గడియారం కొట్టుకుంటూ ఉంటుంది. 3 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 300 కోట్ల టిక్కులు. టిక్కుకో అడుగు చొప్పున పని సాగుతుంది. అయితే అడుగుల లెక్క తెలిస్తే దూరం తెలియదు, అడుగు పొడవు కూడా తెలియాలి. ఒక ప్రాసెసర్ ఒక్కో టిక్కుకు నాలుగు ఆదేశాలు ముగిస్తే, ఇంకోటి ఒక్కటే ముగించవచ్చు. 2001లో ఏఎండీ తన అథ్లాన్ ఎక్స్‌పీ చిప్‌కు 1800+ అని పేరు పెట్టి అమ్మింది. దాని గడియారం 1.53 గిగాహెర్ట్జే. పోటీ కంపెనీ ఇంటెల్ పెంటియం 4 పొట్టి అడుగులు గబగబా వేస్తోంది, మాది పొడుగు అడుగు అని ఆ పేరుతో చెప్పుకుంది. అడుగు పొడవు ఎంతో కంపెనీయే చెబితే మాత్రం నమ్మేదెవరు?

అడుగు మందమైన కుంచం

అంతకుముందు తరంలో సెకనుకు ఎన్ని లక్షల ఆదేశాలు అన్నదే కొలత. పది లక్షలైతే ఒక మిప్స్. ఈ కొలతకు సున్నా గీతగా నిలిచింది అమెరికాకు చెందిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1977లో తెచ్చిన వ్యాక్స్ 11/780. ఆ యంత్రాన్ని అందరూ ఒక మిప్స్ అనేశారు. దానికంటే పదిరెట్లు వేగమున్న యంత్రం పది మిప్స్ అయింది.

1984లో జోయెల్ ఎమర్, డగ్లస్ క్లార్క్ ఆ వ్యాక్స్ లోపల కొలిచి చూశారు. ఒక్కో ఆదేశానికి సగటున 10.6 టిక్కులు పడుతున్నాయి. దాని గడియారం సెకనుకు 50 లక్షల టిక్కులది. భాగిస్తే సెకనుకు ఐదు లక్షల ఆదేశాలు కూడా రావడం లేదు. అంటే ఊరంతా కుంచమని కొలుస్తున్నది నిజానికి అరకుంచం. అయినా కొలత ఆగలేదు. ఎందుకంటే పోలికకు కావలసింది కుంచంలో ఎన్ని గింజలు పడతాయన్నది కాదు. అందరూ అదే కుంచంతో కొలవడం.

చిక్కు మరోచోట ఉంది. ఒక ప్రాసెసర్ ఒక ఆదేశంతో చేసే పనిని మరో ప్రాసెసర్ మూడు ఆదేశాలతో చేస్తుంది. ఆదేశాలు లెక్కపెడితే రెండోది మూడురెట్లు కష్టపడినట్టు కనిపిస్తుంది. పని మాత్రం అదే. కాబట్టి లెక్కపెట్టాల్సింది ఆదేశాలను కాదు. పనిని ముందు ఖాయం చేసి, అది ముగియడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. బెంచ్‌మార్క్‌ల చరిత్ర అంతా ఏ పనిని ఖాయం చేయాలన్న తగవే.

గోతులు తవ్వి పూడ్చే పని

బ్రిటన్‌లో హెరాల్డ్ కర్నో, బ్రయాన్ విచ్‌మన్ 1970ల మొదట్లో ఒక దారి కనిపెట్టారు. శాస్త్రవేత్తలు రాసే ప్రోగ్రాముల్లో కూడికలెన్ని, భాగాహారాలెన్ని, సైన్, కొసైన్‌లెన్ని అని గణాంకాలు తీసి, అదే పాళ్లలో ఒక ఉత్తుత్తి ప్రోగ్రాము అల్లారు. లెస్టర్ దగ్గరి వెట్‌స్టోన్ అనే పల్లెలో తయారైన కంపైలర్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆ గణాంకాలు తీశారు కాబట్టి దాని పేరూ వెట్‌స్టోన్ అయింది. దశాంశాల లెక్కలకు ఇది బాగానే నప్పింది.

దశాంశాలు లేని మామూలు పనులకు 1984లో రైన్‌హోల్డ్ వైకర్ ఇంకోటి రాశాడు. వెట్ అంటే తడి అనిపిస్తుంది కదా, తనది పొడి రాయి అని సరదాగా డ్రైస్టోన్ అన్నాడు. వ్యాక్స్ 11/780 సెకనుకు 1,757 డ్రైస్టోన్లు చేసింది. ఆ అంకె ఎంతలా పాతుకుపోయిందంటే, చిన్న చిప్‌ల పత్రాల్లో సెకనుకు వచ్చిన డ్రైస్టోన్లను 1,757తో భాగించి డీమిప్స్ అని రాసే అలవాటు నేటికీ ఉంది.

డ్రైస్టోన్‌ను కొంచెం దగ్గరగా చూస్తే దాని బలహీనత తెలుస్తుంది. అందులో 30 అక్షరాల మాటను ఒకచోటి నుంచి మరోచోటికి నకలు చేస్తారు. రెండు మాటలు ఒకటేనా అని పోలుస్తారు. కొన్ని చిన్న లెక్కలు కడతారు. ఇదే లక్షలసార్లు తిరుగుతుంది. ఆ ఫలితాలతో ఎవరికీ పని లేదు. గోతులు తవ్వి మళ్లీ పూడ్చడం లాంటిది. కూలీలు అమాయకులైతే చెప్పినంతా చేస్తారు. తెలివైన మేస్త్రీ ఉంటే సాయంత్రానికి నేల ఎలాగూ చదునుగానే ఉండాలి కదా అని తవ్వడమే మానిపిస్తాడు. కంప్యూటర్లో ఆ మేస్త్రీ పేరు కంపైలర్. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చేది అదే. ఎవరూ వాడుకోని లెక్క కనిపిస్తే దాన్ని ఎత్తేయడం దాని విద్య. 30 అక్షరాల నకలు పదేపదే వస్తోందని తెలిస్తే దానికి అడ్డదారి వేయడమూ దాని విద్యే. ప్రాసెసర్ మారకుండానే డ్రైస్టోన్ల లెక్క పెరగసాగింది.

ఉత్తుత్తి పని పెట్టినంత కాలం ఈ తిప్పలు తప్పవని తేలింది. ఇక నిజం పనే పెట్టాలి.

1988: రెండు చోట్ల ఒకే ఆలోచన

ఆ ఏడాది అమెరికాలో అపోలో, హ్యూలెట్ ప్యాకర్డ్, మిప్స్, సన్ కంపెనీలు ఒక ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. పేరు స్పెక్. అమ్మకాల్లో ఒకరినొకరు తొక్కుకునే కంపెనీలు కొలత దగ్గర మాత్రం ఒకే కాంటా మీదికి రావడానికి ఒప్పుకున్నాయి. 1989లో పది ప్రోగ్రాములతో తొలి కొలత విడుదలైంది. వాటిలో కంపైలర్ ఉంది, విద్యుత్ సర్క్యూట్లను పరీక్షించేది ఉంది, అణు రియాక్టర్‌ను గణితంలో నడిపి చూసేది ఉంది. గోతులు తవ్వి పూడ్చేవి కావు, ఎవరో ఒకరికి నిజంగా అక్కరకొచ్చే పనులు.

అదే 1988లో హైదరాబాద్‌లో రక్షణ పరిశోధన సంస్థ కింద అనురాగ్ అనే ప్రయోగశాల పుట్టింది. క్షిపణి, విమానాల చుట్టూ గాలి ఎలా పారుతుందో లెక్కగట్టే కంప్యూటర్ కావాలి. బయటి దేశాలు అలాంటి యంత్రాలను అడిగినంత సులువుగా ఇవ్వని కాలమది. అనురాగ్ ఇంజనీర్లు మోటరోలా 68020 అనే సాధారణ చిప్‌లను వరుసగా కలిపి ఒక సమాంతర కంప్యూటర్ కట్టారు. దానికి పెట్టిన పేరు పేస్. విప్పి చెబితే ప్రాసెసర్ ఫర్ ఏరోడైనమిక్ కంప్యుటేషన్స్ అండ్ ఇవాల్యుయేషన్. చేయాల్సిన పనే యంత్రం పేరైంది. గాలి లెక్క ఎంతసేపట్లో ముగుస్తుందన్నదే దానికి పెట్టిన పరీక్ష. స్పెక్ పది ప్రోగ్రాములతో వెతికినదాన్ని అనురాగ్ ఒకే పనితో వెతికింది. పని ఒక్కటే అయినవాడికి ఉమ్మడి కాంటాతో అంత అవసరం ఉండదు. పదిరకాల పనులున్నవాడికి, కొనబోయే యంత్రం మీద రేపు ఏ పని పడుతుందో తెలియనివాడికి, ఉమ్మడి కాంటా తప్పదు.

స్పెక్ ప్రోగ్రాములు కొన్నేళ్లకోసారి మారుతూ వచ్చాయి. 2017 నాటి సంచికలో నాలుగు కట్టలుగా 43 పరీక్షలున్నాయి. చదరంగం ఆడేదొకటి, గో అనే ఆట ఆడేదొకటి, సుడోకు పజిళ్లు పుట్టించేదొకటి, వీడియోను కుదించేదొకటి, వాతావరణాన్ని లెక్కగట్టేదొకటి. ఎంసీఎఫ్ అనే పరీక్షయితే అచ్చం ఆర్టీసీ పనే. ఒకే డిపో నుంచి బయల్దేరే బస్సులతో టైంటేబుల్ మొత్తాన్ని తక్కువ ఖర్చుతో ఎలా నడపాలో తేల్చాలి. భద్రాచలం డిపోలో కూర్చుని చార్టు వేసేవాళ్లకు ఆ చిక్కుముడి ఎలాంటిదో తెలుసు.

ఇన్ని రకాలెందుకు? సుడోకు పరీక్షకు కావలసిన సమాచారమంతా చిప్ లోపలి చిన్న గూట్లోనే పడుతుంది. బస్సుల పరీక్ష అలా కాదు, అడుగడుగునా బయటి మెమరీకి పరుగెత్తాలి. చర్ల కిరాణా కొట్టును తలచుకోండి. సరుకు కొట్లోనే ఉంటే చిటికెలో చేతికిస్తాడు. లేకపోతే భద్రాచలం హోల్‌సేల్‌కు వెళ్లి తేవాలి. అక్కడా లేకపోతే ఖమ్మం. కొట్టువాడి చేతులు ఎంత చురుకైనా ఖమ్మం వెళ్లివచ్చే బస్సు వేగం మారదు. సుడోకు అతని చేతులను కొలుస్తుంది, ఎంసీఎఫ్ బస్సు రాకపోకలను కొలుస్తుంది. ఒక ప్రాసెసర్ మొదటి పరీక్షలో అదరగొట్టి రెండోదాంట్లో చతికిలపడటం మామూలే.

కట్టలు ఎన్ని, ఎంతసేపట్లో

ఏప్రిల్, మే నెలల్లో భద్రాచలం అడవుల్లో తునికాకు సేకరణ సాగుతుంది. అక్కడా ఖాయమైన కొలత ఉంది. 50 ఆకులకు ఒక కట్ట, వెయ్యి కట్టలకు ఒక ప్రామాణిక బస్తా. సాయంత్రం కల్లం దగ్గర కల్లేదారు కట్టలు లెక్కపెట్టుకుంటాడు. అతన్ని రెండు ప్రశ్నలు అడగవచ్చు. ఒక మనిషి వంద కట్టలు ఎంతసేపట్లో కట్టగలదు? గూడెమంతా కలిసి ఈ రోజు ఎన్ని కట్టలు తెచ్చింది? మొదటిది చేతివేగం, రెండోది మొత్తం దిగుబడి. చేతివేగంలో మేటి అయిన ఒక్క మనిషి ఉన్న కుటుంబం కంటే, మామూలుగా కట్టే ఆరుగురున్న కుటుంబం ఎక్కువ కట్టలు పరుస్తుంది.

స్పెక్ కూడా ఈ రెండింటినీ విడివిడిగానే అడుగుతుంది. స్పీడ్ పరీక్షలో ఒక పని ఎంత త్వరగా ముగిసిందో చూస్తుంది. రేట్ పరీక్షలో ఒకే పనికి అనేక నకళ్లు ఒకేసారి నడిపి గంటకు ఎంత తెమిలిందో చూస్తుంది. ఒక్కడే కూర్చుని ఒక ఫైలు తెరిచేవాడికి మొదటి అంకె కావాలి. ఏదైనా ప్రభుత్వ పథకం డబ్బులు పడిన రోజు వేలమంది ఒకేసారి ఖాతా చూసుకునే బ్యాంకు సర్వరుకు రెండోది కావాలి.

అంకె ఎలా పుడుతుందో కూడా చూడాలి. 2017 సంచికకు సున్నా గీత సన్ ఫైర్ వీ490 అనే పాత సర్వరు. ఒక పరీక్షకు దానికి వెయ్యి సెకన్లు పట్టి, కొత్త యంత్రం వంద సెకన్లలో ముగిస్తే స్కోరు పది. ఇలా ప్రతి పరీక్షకూ ఒక నిష్పత్తి వస్తుంది. చివర్లో వాటన్నిటినీ కలిపి ఒకే అంకె చేయాలి. కలపడంలోనే గమ్మత్తుంది.

రెండు యంత్రాలు, రెండు పనులు అనుకుందాం. మొదటి పనిని ఎర్ర యంత్రం 1 సెకనులో, నల్ల యంత్రం 10 సెకన్లలో చేసింది. రెండో పనికి ఎర్రదానికి 1,000 సెకన్లు, నల్లదానికి 100. ఎర్రదాన్ని గీతగా పెట్టుకుంటే నల్లదాని స్కోర్లు 0.1, 10. మామూలు సగటు 5.05. నల్లది ఐదురెట్లు మేలు! ఇప్పుడు నల్లదాన్ని గీతగా పెట్టండి. ఎర్రదాని స్కోర్లు 10, 0.1. సగటు మళ్లీ 5.05. ఎర్రది ఐదురెట్లు మేలు! రెండు కంపెనీల సేల్స్‌మన్లూ ఒకే కాగితం చూపించి తమదే గొప్పని ప్రమాణం చేయవచ్చు, ఎవరిదీ అబద్ధం కాదు.

1986లో ఫిలిప్ ఫ్లెమింగ్, జాన్ వాలెస్ ఈ చిక్కుకు గుణమధ్యమాన్ని మందుగా చెప్పారు. స్కోర్లను కూడకుండా గుణించి, ఎన్ని ఉంటే అన్నో మూలం తీయాలి. 0.1ని 10తో గుణిస్తే 1, దాని వర్గమూలం 1. ఎటువైపు నుంచి చూసినా రెండు యంత్రాలూ సమానం. స్పెక్ ఆ పద్ధతినే పట్టుకుంది. అయితే రెండేళ్లకే జేమ్స్ స్మిత్ దీనికి అడ్డు తగిలాడు. రెండు పనులూ కలిపి ఎర్రదానికి 1,001 సెకన్లు పట్టాయి, నల్లదానికి 110. రోజూ ఆ రెండు పనులే చేయించుకునేవాడికి ఇవి సమానమెలా అవుతాయి? ఆ తగవు ఇంకా తీరలేదు. అందుకే స్పెక్ ఫలితాల పత్రంలో చివరి అంకెతోపాటు ప్రతి పరీక్ష స్కోరూ విడిగా అచ్చవుతుంది. మెమరీ ఎంత, ఏ కంపైలరు, ఏయే మీటలు నొక్కి నడిపారు అన్నవి కూడా రాయాలి. బస్తా విప్పి చూపించడమన్నమాట.

కాంటా తెలిసినవాడు

విప్పి చూపించినా కాంటా కనిపెట్టేవాళ్లుంటారు. తొలి పది ప్రోగ్రాముల్లో మ్యాట్రిక్స్300 అనేదొకటి ఉండేది. అది నడిచే సమయంలో దాదాపు 99 శాతం ఒకే ఒక్క వరుసలో ఖర్చయ్యేది. కంపైలర్ కంపెనీలు ఆ వరుసను పసిగట్టి, లెక్కను చిన్నచిన్న ముక్కలుగా చేసి గూట్లోనే ముగిసేలా తిప్పి రాయించాయి. ఆ ఒక్క స్కోరు ఎన్నో రెట్లు ఎగిరింది. తరువాతి సంచికలో స్పెక్ ఆ పరీక్షనే తీసేసింది.

ముప్ఫై ఏళ్ల తర్వాతా కథ మారలేదు. 2024 ఫిబ్రవరిలో స్పెక్ ఏకంగా 2,600కు పైగా ఫలితాలను చెల్లవని ప్రకటించింది. ఇంటెల్ కంపైలర్ ఒకటి జలాన్ అనే పరీక్ష కోడు, దాని సమాచారం ముందే తెలిసినట్టుగా దానికోసమే అడ్డదారి వేస్తోందని, అది ఇతర ప్రోగ్రాములకు పెద్దగా పనికిరాదని తేల్చింది. అలాగని కంపైలర్ తెలివిగా ఉండటం తప్పు కాదు. ఆ తెలివి అందరి ప్రోగ్రాములకూ ఉపయోగపడాలి. గీత అక్కడుంది.

ఫోన్ల సంగతి మరీ బాహాటం. 2013లో ఆనంద్‌టెక్ పత్రిక శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్4 ఒక రకంలో వింత పట్టుకుంది. పేరున్న బెంచ్‌మార్క్ యాప్‌లు తెరిచినప్పుడు గ్రాఫిక్స్ చిప్ 533 మెగాహెర్ట్జ్‌కు వెళుతోంది. మిగతా వేళల్లో 480 దాటడం లేదు. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు మాత్రమే మధ్యాహ్న భోజనంలో గుడ్డు పడినట్టు.

మోసమేదీ లేకుండానే స్కోరు తేడా కొట్టే చోటు ఇంకోటుంది. అది ఎండ. కొత్తగూడెం, భద్రాచలం వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. ప్రాసెసర్ పనిచేస్తే వేడెక్కుతుంది. ఆ వేడి పోవాలంటే చుట్టూ ఉన్న గాలి దానికంటే చల్లగా ఉండాలి. తేడా ఎంత ఎక్కువైతే వేడి అంత త్వరగా పోతుంది. చిప్ ఒక హద్దు దాటితే తనను తాను కాపాడుకోవడానికి గడియారాన్ని నెమ్మది చేసుకుంటుంది. 22 డిగ్రీల ఏసీ గదిలో మూడు నిమిషాలు నడిపిన పరీక్షలో వచ్చిన స్కోరును, రేకుల కప్పు కింద మధ్యాహ్నం రెండింటికి అరగంటసేపు వీడియో కాల్ నడిపే ఫోన్ నిలబెట్టుకోలేదు. పెట్టె మీది అంకె మొదటి మూడు నిమిషాలది. ఫోన్ సమీక్షకులు ఒకే పరీక్షను ఇరవైసార్లు వరసగా నడిపి, చివరిసారి స్కోరు మొదటిదాంట్లో ఎన్నో వంతుందో చెప్పడం అందుకే మొదలుపెట్టారు.

మూడు ధరలు

సూపర్ కంప్యూటర్లకు జెండా పాట ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, నవంబరులో. 1993 నుంచి టాప్500 అనే జాబితా వస్తోంది. దానికి కొలత జాక్ డాంగారా తయారుచేసిన లిన్‌ప్యాక్. ఇందులో పని ఒకటే, సమీకరణాలు సాధించడం. మూడు బస్తాల మిర్చి, రెండు బస్తాల పత్తి కలిపి ఇంత, ఒక బస్తా మిర్చి, నాలుగు బస్తాల పత్తి కలిపి ఇంత, ఒక్కోటి ఎంత అని హైస్కూల్లో చేసిన లెక్కే. రెండో సమీకరణాన్ని మూడుతో గుణించి మొదటిదాన్ని తీసేస్తే మిర్చి ఎగిరిపోయి పత్తి మిగులుతుంది. లిన్‌ప్యాక్‌లో రెండు సమీకరణాలకు బదులు లక్షలు, కోట్లు ఉంటాయి. సమీకరణాల సంఖ్యను రెట్టిస్తే పని ఎనిమిది రెట్లవుతుంది.

2007 నవంబరులో పుణెలో టాటాలు కట్టిన ఏకా సెకనుకు 117.9 లక్షల కోట్ల లెక్కలు చేసి ఆ జాబితాలో ప్రపంచంలో నాలుగో స్థానం కొట్టింది. కాగితం మీద దాని గరిష్ఠ సామర్థ్యం 170కి పైనే. అంటే చిప్‌ల గడియారాలను గుణిస్తే వచ్చే ధర ఒకటి, లిన్‌ప్యాక్‌లో పలికిన ధర దానిలో మూడింట రెండొంతుల పైచిలుకు.

మూడో ధర కూడా ఉంది. లిన్‌ప్యాక్ లెక్కలో అంకెలు దగ్గరదగ్గరగా పేర్చి ఉంటాయి, కొట్లోనే సరుకున్నట్టు. వాతావరణం, వరద, సముద్రం లాంటి లెక్కల్లో ఒక్కో అంకెకోసం ఖమ్మం పరుగెత్తాలి. ఈ సంగతి చెప్పింది మరెవరో కాదు, డాంగారానే. మైకేల్ హెరూతో కలిసి ఆయన హెచ్‌పీసీజీ అనే మరో కొలత తెచ్చారు. జపాన్ యంత్రం ఫుగాకు అంకెలు పక్కపక్కన పెడితే తేడా కళ్లకు కడుతుంది. కాగితం మీద 537 పెటాఫ్లాప్స్, లిన్‌ప్యాక్‌లో 442, హెచ్‌పీసీజీలో 16. ఒక పెటాఫ్లాప్ అంటే సెకనుకు కోటి కోట్లకు పదిరెట్ల లెక్కలు. అదే యంత్రం, అవే చిప్‌లు. పని మారేసరికి 442 కాస్తా 16 అయింది. అయినా ఆ 16 తక్కువేమీ కాదు. ఏళ్లపాటు ఆ కొలతలో మొదటి స్థానం దానిదే.

గోదావరికి ఎగువన

స్పెక్ 2017 పరీక్షల్లో డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే వాతావరణ నమూనా ఒకటి, రామ్స్ అనే సముద్ర నమూనా ఒకటి. ఈ రెండోదాన్నే హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ సముద్ర సూచనలకు వాడుతోంది. పరీక్ష కోసం పెట్టిన పనీ, మత్స్యకారుల కోసం నడిచే పనీ ఒకే కుదురువి. అలాంటి చోట బెంచ్‌మార్క్ స్కోరు జెండా పాటలా ఉండదు, మన బస్తా ధరకు చాలా దగ్గరగా వస్తుంది.

వాన లెక్క వేసేటప్పుడు నేలను గళ్లుగా కోస్తారు. గడికో గాలి, గడికో తేమ, గడికో వేడి. 12 కిలోమీటర్ల గడి అంటే 144 చదరపు కిలోమీటర్లకు ఒకే వాన. గడిని 6 కిలోమీటర్లకు తగ్గిస్తే ఒక్కో పెద్ద గడి నాలుగు చిన్న గళ్లవుతుంది. గడి చిన్నదైతే కాలాన్నీ చిన్న ముక్కలుగా కోయాలి. నాలుగు రెండ్లు ఎనిమిది. లిన్‌ప్యాక్‌లో కనిపించిన ఎనిమిది రెట్లే ఇక్కడ వేరే దారిన వచ్చింది.

2025 మే 26న కేంద్రం 6 కిలోమీటర్ల గళ్లతో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌ను ప్రారంభించింది. అది నడిచేది పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థలోని అర్క అనే సూపర్ కంప్యూటర్ మీద. అర్క సామర్థ్యం 11.77 పెటాఫ్లాప్స్. అంతకుముందున్న ప్రత్యూష్‌ది 4. కాగితం మీద దాదాపు మూడురెట్లు. మరి పనిలో? ప్రత్యూష్ మీద ముందస్తు సూచనల నమూనా నడవడానికి 10 గంటల వరకు పట్టేదని, అర్క మీద 4 గంటల్లో ముగుస్తోందని సంస్థ శాస్త్రవేత్తలు చెప్పారు. రెండున్నర రెట్లు. ఈ యంత్రానికి అసలు కొలత ఆ గంటలే.

జూలైలో బస్తర్ అడవుల మీద కురిసిన వాన ఇంద్రావతిలోకి దిగి గోదావరిలో కలుస్తుంది. ప్రాణహిత నీళ్లూ తోడవుతాయి. పేరూరు దగ్గర మట్టం పెరిగితే భద్రాచలం కరకట్ట మీద జనం కొలబద్ద వంక చూడటం మొదలుపెడతారు. లెక్క ఉదయం ఆరింటికి మొదలైందనుకుందాం. పాత యంత్రమైతే జవాబుకు సాయంత్రం నాలుగవుతుంది, కొత్తదైతే పది గంటలకే చేతికొస్తుంది. పర్ణశాలలో బొమ్మల దుకాణాలవాళ్లకు అది సామాన్లు మూటగట్టుకునే పగలు. లోతట్టు కాలనీల్లో పిల్లాజెల్లా, మేకలు, బియ్యం బస్తాలు వెలుతురుండగానే ట్రాక్టరు ఎక్కుతాయి. చీకటి పడేసరికి కొలబద్ద మీద నీళ్లు 43 దాటి 48 వైపు నడుస్తూ ఉంటాయి.